నత్త నడక గోల్ఫ్ కార్ట్: మీరడిగారు, మేం చెప్తున్నాం

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే ఏడుపు, ఎలక్ట్రిక్ గోల్ఫ్ కార్ట్ స్లో అయిపోయిందని. అందుకే మిగతావి వచ్చే నెలకి తోసేసి ఈసారి పేజీలన్నీ దీనికే ఇచ్చేశాం. ముందే ఒక మాట, స్లో అని అందరూ రాశారు గానీ ఎప్పుడు స్లో అనేది ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ రాయలేదు. ఎత్తు ఎక్కేటప్పుడా, చదునులో కూడానా, బయల్దేరిన అరగంటకా, లేక ఛార్జింగ్ లోంచి తీసిన దగ్గర్నుంచేనా. రోగం సగం అక్కడే దొరికిపోద్ది.

ప్రశ్న: సార్, మాది 48 వోల్టుల కార్ట్, 8 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఆరు. మొదట్లో 24 కిలోమీటర్ల స్పీడు వచ్చేది, ఇప్పుడు చదునులో 18 దాటట్లేదు, ఎత్తు వస్తే పక్కన నడిచేవాళ్ళే మమ్మల్ని దాటి వెళ్ళిపోతున్నారు. రాత్రంతా ఛార్జ్ పెట్టి తీసేసి మధ్యాహ్నం మీటర్ పెడితే 50.6 చూపిస్తోంది, అంటే బ్యాటరీలు బానే ఉన్నట్టే కదా. మెకానిక్ ఏమో కంట్రోలర్ పోయింది మార్చాలి అంటున్నాడు. మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. కంట్రోలర్ అంటే పెడల్ ని బట్టి మోటారుకి కరెంటు వదిలే డబ్బా, అది పోతే ఎక్కువసార్లు బండి అసలు కదలదు, లేదా కుదుపులతో కదులుతుంది. మెల్లమెల్లగా నెలల తరబడి స్పీడు తగ్గుతూ వచ్చిందంటే నా అనుమానం ముందు బ్యాటరీల మీదకే పోద్ది, తర్వాత కేబుళ్ళ మీదకి.

మీరు చెప్పిన 50.6 నిజమే, తప్పు కొలవలేదు. 48 వోల్టుల లెడ్ యాసిడ్ సెట్టు ఫుల్ ఛార్జ్ అయ్యి కొన్ని గంటలు ఊరుకున్నాక 50.9 దగ్గర ఉంటుంది, అదే 36 వోల్టుల బండి అయితే 38.2 దగ్గర. కాబట్టి లెక్కప్రకారం మీ బ్యాటరీలు దాదాపు నిండుగా ఉన్నట్టే. కానీ అది బండి ఊరికే నిలబడి ఉన్నప్పటి వోల్టేజీ. పెళ్ళిచూపుల్లో అందరూ బుద్ధిమంతులే, కాపురం చేస్తే గానీ తెలీదు అన్నట్టు, బ్యాటరీ సంగతి లోడు మీద పడితేనే బయటపడుద్ది. ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు 150, 200 ఆంపియర్లు లాగేస్తుంది, ఇంకా ఎక్కువ కూడా, ఆ టైంలో ఒక్కో బ్యాటరీ ఎంత దిగుతోందో చూడాలి.

ఎలాగంటే, రెండు పొడవాటి వైర్లు తీసుకోండి, ఒక్కోదానికి చిన్న ఫ్యూజు వేసి ఓ చివర క్లిప్పులు పెట్టి మొదటి బ్యాటరీ ప్లస్ మైనస్ లకి తగిలించి సీటు కింద నుంచి బయటికి తెచ్చి మీటర్ కి కలపండి. ఒకరు నడపాలి, పక్కన కూర్చున్నవాళ్ళు మీటర్ చూసి రాయాలి. అదే ఎత్తు ఎక్కాలి, అదే బరువుతో, పెడల్ పూర్తిగా నొక్కి. తర్వాత కిందికొచ్చి క్లిప్పులు రెండో బ్యాటరీకి మార్చి మళ్ళీ ఎక్కాలి, ఇలా ఆరుసార్లు. విసుగు పని, తెలుసు, కానీ అరగంటలో అయిపోద్ది. నేను ఇలా చూసిన ఒక సెట్టులో ఐదు బ్యాటరీలు 7.5, 7.6 దగ్గర నిలబడ్డాయి, నాలుగోది మాత్రం సర్రున 5.9 కి పడిపోయింది, కిందికి దిగి ఆపగానే మళ్ళీ ఏమీ ఎరగనట్టు 8.3 చూపించింది. ఇంటిదొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు గానీ ఈ దొంగ మాత్రం ఎత్తు మీద దొరికిపోయాడు. 8 వోల్టుల బ్యాటరీలో నాలుగు సెల్లులు ఉంటాయి, మిగతా ఐదింటికంటే దాదాపు వోల్టున్నర తేడా వచ్చిందంటే అందులో ఒక సెల్లు చేతులెత్తేసినట్టే. ఆరూ సిరీస్ లో ఒకే దారానికి గుచ్చినట్టు ఉంటాయి, ఒకే కరెంటు అన్నిట్లోంచీ పోవాలి, ఒక్కటి కూలబడితే మొత్తం సెట్టు వోల్టేజీ దిగుద్ది, చాలా కంట్రోలర్లు వోల్టేజీ మరీ దిగితే బ్యాటరీలని కాపాడటానికి వాటంతట అవే కరెంటు తగ్గించేస్తాయి కూడా. మీ మెకానిక్ కి కంట్రోలర్ పోయినట్టు కనపడింది బహుశా ఇదే, అది పోలేదు, దాని పని అది చేస్తోంది.

గుర్తుకి, లోడు మీద 8 వోల్టుల బ్యాటరీ 7 కంటే దిగితే, 6 వోల్టులది 5.25 కంటే దిగితే, 12 వోల్టులది 10.5 కంటే దిగితే అది ఖాళీ అయినట్టో చెడినట్టో లెక్క. ఫుల్ ఛార్జ్ తో బయల్దేరిన ఐదు నిమిషాలకే అలా దిగితే చెడినట్టే. ఈ టెస్టు కోసం బండిని గోడకి ఆనించి పెడల్ తొక్కే మహానుభావులు ఉన్నారు, ఆ పని మాత్రం చెయ్యొద్దు, తిరక్కుండా ఆగిపోయిన మోటారులో కరెంటంతా కమ్యుటేటర్ (మోటారు లోపల కరెంటు అందుకునే రాగి పట్టీల చుట్టు) మీద ఒకే చోట పడి అక్కడే కాలి మచ్చ పడిపోద్ది.

హైడ్రోమీటర్, అంటే యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చూపించే గొట్టం, ఉంటే ఇంకా మంచిది. మూతలు తీసి ప్రతి సెల్లులోంచి కొంచెం యాసిడ్ పీల్చి తేలే గీత చూడండి, నిండు ఛార్జ్ లో 1.275, 1.280 దగ్గర ఉండాలి, సగం ఛార్జ్ అంటే 1.190 దగ్గర. అన్నీ కలిపి కొంచెం తక్కువుంటే ఛార్జ్ సరిగా ఎక్కట్లేదని, ఒక సెల్లు మిగతావాటికంటే 0.050 తక్కువుంటే ఆ సెల్లు పోయిందని. ముందు ఛార్జ్ పెట్టి తర్వాత చూడాలి, నీళ్ళు పోసిన వెంటనే చూస్తే తప్పు లెక్క వస్తుంది, పైన నీళ్ళే ఉంటాయి కదా.

చేతి ఉంగరం, కడియం, వాచీ తీసేసే ఈ పని మొదలెట్టండి. స్పానర్ హ్యాండిల్ కి ఇన్సులేషన్ టేపు చుట్టండి. కళ్ళకి యాసిడ్ పడకుండా రక్షణ కళ్ళద్దాలు పెట్టుకోండి. ఛార్జింగ్ లో ఉన్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో నిప్పు రవ్వ కూడా వద్దు.

ప్రశ్న: పైన చెప్పిన లాంటి కేసే సార్ మాది, ఒక బ్యాటరీ చెడింది, దాన్ని తీసేసి కొత్తది ఒక్కటి వేశాం, నెల రోజులు బానే పోయింది మళ్ళీ మొదటికొచ్చింది. కొత్తది కూడా చెడిందా?

జవాబు: కొత్తది చెడలేదు, పాతవాటితో వేగలేక చస్తోంది. నాలుగైదేళ్ళు వాడిన వాటి మధ్యలో కొత్తది పెడితే ఛార్జింగ్ లో అందరికీ ఒకే కరెంటు, పాతవి ముందు నిండిపోయి వోల్టేజీ పెంచేస్తాయి, ఛార్జర్ అదిచూసి ఇక చాలనుకుని ఆపేస్తుంది, కొత్తది పూర్తిగా నిండదు. సెట్టు ఏడాది లోపుదైతే ఒక్కటి మార్చడంలో అర్థం ఉంది. లేకపోతే అదే వయసున్న, లోడు టెస్టు పాసైన పాతది ఒకటి దొరికితే తాత్కాలికంగా వేసుకోండి. లేదంటే సెట్టు మొత్తం, ఒకే కంపెనీ, ఒకే తయారీ నెలవి. బాధగానే ఉంటుంది గానీ ఇంకో దారి లేదు.

ప్రశ్న: మా బ్యాటరీలు కొత్తవే, ఎనిమిది నెలలు. లోడు టెస్టు చేయించాం, ఆరూ సమానంగా ఉన్నాయన్నారు. అయినా ఎత్తు మీద మూలుగుతోంది. పైగా పది నిమిషాలు నడిపాక సీటు కింద నుంచి కాలిన రబ్బరు వాసన.

జవాబు: ఆ వాసనే సగం సమాధానం. ఎక్కడో ఒక జాయింటు వేడెక్కుతోంది. చిన్న లెక్క చెప్తా చూడండి, ఒక టెర్మినల్ దగ్గర తుప్పు పట్టి ఓంలో నూరో వంతు రెసిస్టెన్స్ వచ్చింది అనుకుందాం, మామూలు మీటర్ కి అది సున్నాలాగే కనపడుద్ది. ఎత్తు మీద అందులోంచి 200 ఆంపియర్లు పోతే 2 వోల్టులు అక్కడే మింగేసి 400 వాట్ల వేడి పుడుతుంది. ఒక్క జాయింటులో. అలాంటివి మూడుంటే మోటారుకి చేరాల్సిన దాంట్లో 6 వోల్టులు దారిలోనే గోవిందా.

కళ్ళతో చూస్తే దొరకదు చాలాసార్లు. పైకి నట్టు మెరుస్తూ ఉంటుంది, నట్టు విప్పి లగ్గు (కేబుల్ చివరుండే రింగు) ఎత్తి చూస్తే కింద పచ్చగా తెల్లగా పొడి. ఇంకొన్ని కేబుళ్ళయితే లగ్గు దాకా బానే ఉండి ప్లాస్టిక్ తొడుగు లోపల రాగి నల్లగా కుళ్ళిపోయి ఉంటుంది, వంచితే కరకరమంటుంది. పద్ధతి ఏంటంటే బండి ఎత్తు ఎక్కుతున్నప్పుడే మీటర్ ఒక మొన ఈ బ్యాటరీ సీసపు పోస్టు మీద, ఇంకో మొన కేబుల్ అవతలి చివరున్న బ్యాటరీ పోస్టు మీద, నట్టు మీద కాదు పోస్టు మీదే, పెట్టి చూడాలి, ఇక్కడ కూడా క్లిప్పులూ పొడవు వైర్లే, నడుస్తున్న బండిలో చెయ్యి పెట్టకండి. పాయింట్ ఒకటి దగ్గర వస్తే పర్లేదు, అర వోల్టు వచ్చిందంటే ఆ కేబులే దొంగ. ఇది కుదరకపోతే పది నిమిషాలు గట్టిగా నడిపి ఆపి, కీ తీసేసి, ఒక్కో జాయింటు దగ్గరికి చెయ్యి వెనక వైపు తీసుకెళ్ళండి, తాకక్కర్లేదు, మిగతావాటికంటే ఒకటి సెగ కొడుతూ ఉంటే అదే.

శుభ్రం చెయ్యడానికి బేకింగ్ సోడా నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగుతుంది, పొంగడం ఆగాక మామూలు నీళ్ళతో కడిగి ఆరబెట్టి వైరు బ్రష్ తో సీసం మెరిసేదాకా రుద్ది బిగించి పైన వ్యాసెలిన్ రాయండి. సోడా నీళ్ళు సెల్లులోకి మాత్రం పోకూడదు, మూతలు గట్టిగా పెట్టే ఈ పని. కేబుళ్ళు మార్చేటట్టయితే చాలా బళ్ళకి ఫ్యాక్టరీలో 6 గేజ్ వేసి ఇస్తారు, 4 గేజ్ వేసుకోండి, ముందుముందు పెద్ద కంట్రోలర్ ఆలోచన ఉంటే 2 గేజ్. గేజ్ నంబర్ తగ్గేకొద్దీ వైరు లావు పెరుగుద్ది, దీంట్లో తికమక పడి సన్నవి కొన్నవాళ్ళు ఉన్నారు.

అదే ఊపులో సోలనాయిడ్ కూడా చూసెయ్యండి. పెడల్ నొక్కగానే టక్కుమంటుందే, మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్, అదే. టక్కుమన్నంత మాత్రాన లోపల కాంటాక్టులు బాగున్నట్టు కాదు. పెడల్ నొక్కి ఉన్నప్పుడు దాని రెండు లావు పోస్టుల మధ్య వోల్టేజీ దాదాపు సున్నా రావాలి. కీ తీసేసి మెయిన్ కేబుల్ ఒకటి ఊడదీసేదాకా ఆ లావు పోస్టుల్ని స్పానర్ తో కలపకండి, కొందరు ఇది టెస్టింగ్ పద్ధతి అనుకుంటున్నారు.

ప్రశ్న: మా కార్ట్ ఒకరోజు హఠాత్తుగా స్లో అయింది, ముందురోజు దాకా బానే ఉంది. చదునులో అయినా ఎత్తులో అయినా ఒకటే 8, 9 కిలోమీటర్లు, పెడల్ ఎంత తొక్కినా మారదు. బ్యాటరీలు బాగున్నాయి.

జవాబు: ఇది పూర్తిగా వేరే రోగం. ఎత్తులో పల్లంలో ఒకటే స్పీడు అంటే మోటారుకి శక్తి లేక కాదు, ఎవరో పగ్గం పట్టుకున్నారు. ఆ ఎవరో కంట్రోలరే, దానికి ఎక్కడ్నుంచో తప్పు సమాచారం అందుతోంది.

ముందు మీ మోటారు ఏ రకమో చూసుకోండి. పోస్టులు నాలుగూ లావుగా ఉంటే సిరీస్ మోటారు, పాత పద్ధతి. రెండు లావు రెండు సన్నవి అయితే సెపరేట్లీ ఎక్సైటెడ్, దిగుడులో బండిని దానంతట అదే అదుపు చేసేది ఎక్కువగా ఈ రకమే. ఈ రకానికి మోటారు తోక దగ్గర చిన్న స్పీడ్ సెన్సర్ ఉంటుంది, షాఫ్టు చివర ఒక అయస్కాంతం తిరుగుతుంటే అది లెక్కపెడుతుంది. ఆ సెన్సర్ పోయినా, దాని వైరు తెగినా, అయస్కాంతం పగిలినా కంట్రోలర్ కి బండి ఎంత స్పీడులో పోతోందో తెలీదు, తెలీనప్పుడు చాలా మోడల్స్ లో అది భయపడి పాకే మోడ్ లోకి వెళ్ళిపోతుంది. హఠాత్తుగా అన్నారు కాబట్టి నా ఓటు దీనికే. కనెక్టర్ పీకి లోపల తడి, పచ్చదనం ఉందేమో చూడండి, కడిగిన మర్నాడే ఇలా అయిందా గుర్తు తెచ్చుకోండి. ప్రెషర్ వాషర్ తో బండి కింద కడిగారా? ఊరికే అడగట్లేదు.

రెండోది పెడల్ సెన్సర్. చాలా కంట్రోలర్లు పెడల్ వదిలేస్తే సున్నా ఓంలు, పూర్తిగా నొక్కితే 5,000 ఓంలు వస్తాయని ఎదురుచూస్తాయి, కొన్నిట్లో ఇదే తిరగేసి ఉంటుంది, కొన్నిట్లో ఓంలే కాదు కాయిల్ తో నడిచే సెన్సర్ ఉంటుంది, మీ మాన్యువల్ చూసుకోండి. బండి ఆఫ్ చేసి దాని కనెక్టర్ ఊడదీసి మీటర్ పెట్టి పెడల్ మెల్లగా నొక్కుతూ పోతే నంబరు నున్నగా పెరగాలి. పూర్తిగా నొక్కినా 3,500 దగ్గరే ఆగిపోతే పాపం కంట్రోలర్ కి మీరు ముప్పావు కూడా తొక్కలేదనే అర్థం. మధ్యలో ఒకచోట నంబరు గెంతితే లోపల పట్టీ అరిగింది, మార్చడమే. అయితే కొనేముందు కింద ఉన్న మ్యాట్ ఎత్తి చూడండి. రబ్బరు మ్యాట్ మడతపడి పెడల్ కిందకి దూరితే పెడల్ నేలకి తగిలినట్టే అనిపిస్తుంది గానీ నిజానికి రెండు వేళ్ళ మందం ఇంకా మిగిలే ఉంటుంది. సెన్సర్ మార్చి, వైరింగ్ అంతా విప్పి, ఆఖరికి మ్యాట్ పీకేసరికి బాగైన బండి నేను చూశాను, ఎవరిదో చెప్పనులెండి.

మూడోది, మీ బండి ముందు వేరేచోట అద్దెకి తిరిగిందైతే వాళ్ళు కంట్రోలర్ లో స్పీడు తగ్గించి సెట్ చేసి ఉండొచ్చు. కానీ మీది నిన్నటిదాకా బాగా పోయింది కాబట్టి ఇది మీకు వర్తించదు, ఇదే ప్రశ్న పంపిన ఇంకొకాయన సెకండ్ హ్యాండ్ లో కొన్నానన్నారు, ఆయన కోసం రాశా. విప్పే పనేం లేదు, డీలర్ దగ్గర ప్రోగ్రామర్ ఉంటుంది, ఐదు నిమిషాలు.

ప్రశ్న: 300 ఆంపియర్ల కంట్రోలర్ తీసి 500 ది వేయిస్తే స్పీడు ఎంత పెరుగుతుంది?

జవాబు: చదునులో దాదాపు ఏమీ పెరగదు. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నా బండే గుర్తొస్తుంది. అప్పట్లో స్లో అయిందని నేనూ ఇదే పని చేశా, పెద్ద కంట్రోలర్, పెద్ద సోలనాయిడ్, లావు కేబుళ్ళు, ఒక ఆదివారం మొత్తం దానికిందే పడుకున్నా. సాయంత్రం నడిపితే బయల్దేరడంలో కొంచెం దూకుడు వచ్చింది గానీ పోయే స్పీడు అదే, పైగా ఛార్జ్ ఇంకా తొందరగా అయిపోతోంది. రెండు రోజులకి టైరులో గాలి చూద్దామని వంగితే వెనక ఎడమ చక్రం దగ్గర మొహానికి సెగ కొట్టింది. హబ్బు మీద చెయ్యి పెట్టలేకపోయా. పార్కింగ్ బ్రేక్ కేబుల్ ఒకవైపు తుప్పు పట్టి పట్టేసి వెనక్కి రావట్లేదు, బ్రేక్ షూ డ్రమ్ముని పట్టుకునే ఉంది, నెలల నుంచీ నేను బ్రేకు వేసుకునే తిరుగుతున్నానన్నమాట. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు అన్నట్టు ఆ కొత్త కంట్రోలర్ కరెంటంతా తీసుకెళ్ళి డ్రమ్ము వేడి చెయ్యడానికి పెట్టింది.

అందుకని మీరు ఏదైనా కొనేముందు, ముందు చక్రాలకి రెండువైపులా చెక్కలు అడ్డం పెట్టి వెనక జాకీ ఎత్తి కింద స్టాండ్లు పెట్టి, టో స్విచ్ (బండిని ఇంకోదానితో లాక్కెళ్ళేటప్పుడు వేసేది) ఉంటే టో లో, లేకపోతే న్యూట్రల్ లో పెట్టి ఒక్కో వెనక చక్రం చేత్తో తిప్పి చూడండి. ఒకటి తిప్పితే రెండోది ఎదురు తిరగడం మామూలే, గేరు చప్పుడూ కొంచెం మామూలే, గరగరా రాసుకుని ఆగిపోతే బ్రేకు. టైరులో గాలి ఎంతుండాలో టైరు పక్కన, మాన్యువల్ లో ఉంటుంది, 8 అంగుళాల రిమ్ము మామూలు టైరుకి 20, 22 పీఎస్ఐ వేస్తారు ఎక్కువగా, 10, 12 కి దిగిపోయిన టైర్లు చూడ్డానికి బానే ఉంటాయి, బండిని మాత్రం బురదలో లాగినట్టు లాగుతాయి.

ఇక అసలు ప్రశ్నకి వస్తే, ఆంపియర్లు లాగుడికి, వోల్టులు స్పీడుకి, మోటుగా ఇలా గుర్తుపెట్టుకోండి. ఎత్తు మీద చతికిలపడుతోంది, నలుగురు ఎక్కితే కదలట్లేదు అంటే పెద్ద కంట్రోలర్ పనికొస్తుంది, కానీ దానితోపాటు లావు కేబుళ్ళు, పెద్ద సోలనాయిడ్, గట్టి బ్యాటరీలు కూడా ఉండాలి. నీరసపు బ్యాటరీల మీద 500 ఆంపియర్ల కంట్రోలర్ పెట్టడం అంటే జ్వరంతో పడుకున్నవాడి నెత్తిన బస్తా పెట్టడం. ఇంకోటి, సిరీస్ మోటారు కంట్రోలర్, సెపరేట్లీ ఎక్సైటెడ్ మోటారు కంట్రోలర్ ఒకటి కాదు, ఒకదానికి ఒకటి పనికిరాదు.

ప్రశ్న: మాది పాత 36 వోల్టుల బండి, 6 వోల్టులవి ఆరు. 48 కి మార్చొచ్చా?

జవాబు: సిరీస్ మోటారు అయితే మార్చొచ్చు, చాలామంది మార్చారు. అదే చోట్లో ఆరు 8 వోల్టులవి పెడితే సరిపోతుంది. స్పీడు దాదాపు మూడో వంతు పెరుగుద్ది, 24 పోయేది 32 దగ్గరికి. అయితే బ్యాటరీలు మార్చేసి తాళం తిప్పితే అయిపోయే పని కాదిది. కంట్రోలర్ మీద 36 నుంచి 48 దాకా అని రాసుంటే సరే, 36 అని మాత్రమే ఉంటే పొగే. సోలనాయిడ్ కాయిల్ 48 దై ఉండాలి. ఛార్జర్ మార్చాలి, ఇది మర్చిపోయి పాత ఛార్జర్ పెట్టి ఎక్కట్లేదని రాసినవాళ్ళున్నారు. ముందుకీ వెనక్కీ మార్చే లివర్ స్విచ్ లో కాంటాక్టులు మంచివి ఉండాలి, బండి పూర్తిగా ఆగాకే దాన్ని తిప్పాలి. లైట్లకి 48 నుంచి 12 చేసే కన్వర్టర్ పెట్టండి, చివరి రెండు బ్యాటరీల నుంచి లాగేస్తే ఇప్పుడు 12 కాదు 16 వస్తాయి, పైగా ఆ రెండూ మిగతావాటికంటే ముందే అరిగిపోతాయి. మీది స్పీడు మెట్లు మెట్లుగా పెరిగే మరీ పాత రెసిస్టర్ కాయిల్ రకమైతే ముందు ఎలక్ట్రానిక్ కంట్రోలర్ లోకి మారండి, తర్వాత 48 సంగతి.

బ్రేకుల మాట అడగలేదు మీరు, నేనే చెప్తా. గోల్ఫ్ కార్ట్ లు చాలావాటికి వెనక చక్రాలకే బ్రేకులు. స్పీడు మూడో వంతు పెరిగితే ఆపాల్సిన శక్తి ముప్పావు పైనే పెరుగుద్ది, ఎందుకంటే అది స్పీడు వర్గంతో పెరుగుతుంది. 24 కి చేసిన బండి 32 లో మలుపు తిరిగితే పక్కన కూర్చున్నవాళ్ళు బయటికి జారతారు, పిల్లలయితే మరీ. షూలు, డ్రమ్ములు కొత్తవి వేసి సీటుబెల్టులు పెట్టించండి, అది కుదరకపోతే 36 లోనే ఉండండి, నిజంగా.

ప్రశ్న: టైర్లు 18 అంగుళాల నుంచి 22 కి మార్చా, లుక్కు అదిరింది. కానీ ఎత్తు అస్సలు ఎక్కట్లేదు, ఏంటి సార్ ఇది?

జవాబు: లెక్క ప్రకారమే జరుగుతోంది. చక్రం 22 శాతం పెద్దదైంది, అంటే మోటారు ఒక చుట్టుకి బండి అంత ఎక్కువ దూరం పోవాలి, కాబట్టి నేలని తోసే బలం 18 శాతం తగ్గింది. మామూలు కార్ట్ వెనక గేరు 12 కి 1 చిల్లర ఉంటుంది, మోటారు 12 సార్లు తిరిగితే చక్రం ఒకసారి, ఆ లాగుడంతా అక్కడ్నుంచే వస్తుంది. మీరు టైరు పెంచి దాన్ని 10 చేసుకున్నట్టు. కొందరు దీనిమీద హైస్పీడ్ గేర్లని 8 కి 1 వేయిస్తారు, చదునులో ఎగురుద్ది, ఎత్తులో దిగి తొయ్యాలి. మీకు పెద్ద టైర్లే కావాలంటే పైన చెప్పిన పెద్ద కంట్రోలర్, లావు కేబుళ్ళు ఇప్పుడు పనికొస్తాయి, లేదా లాగుడు ఎక్కువుండే మోటారు. లేదంటే పాత టైర్లు అమ్మెయ్యకండి.

ప్రశ్న: లిథియం వేస్తే స్పీడు పెరుగుతుందా? అందరూ అదే వెయ్యమంటున్నారు.

జవాబు: మీ పాత లెడ్ బ్యాటరీలు చచ్చి ఉంటే లిథియం వేశాక రాకెట్ లా అనిపిస్తుంది, మంచివే ఉంటే తేడా కొంచెమే. 48 వోల్టుల బండికి వేసే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ లో 3.2 వోల్టుల సెల్లులు 16, మొత్తం 51.2. అసలు సుఖం ఏంటంటే ఆ వోల్టేజీ చివరిదాకా పెద్దగా దిగదు, లెడ్ లో మధ్యాహ్నానికి వచ్చే నీరసం ఇందులో ఉండదు. బరువు కూడా, 8 వోల్టుల లెడ్ బ్యాటరీ ఒక్కోటి 28, 29 కిలోలు, ఆరు కలిపితే 170 పైన, 105 ఆంపియర్ అవర్ లిథియం ప్యాకు అందులో మూడో వంతు కూడా ఉండదు. ఇద్దరు మనుషులు దిగిపోయినట్టు. నీళ్ళు పోసే గొడవ కూడా లేదు.

చూసుకోవాల్సింది లోపలి బీఎంఎస్, అంటే ప్యాకుని కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు, ఎన్ని ఆంపియర్లు ఇవ్వనిస్తుందనేది. మీ కంట్రోలర్ 400 లాగేదై బీఎంఎస్ 150 కే కట్ చేసేదైతే ఎత్తు మధ్యలో బండి ఠక్కున ఆగిపోద్ది, స్లో కూడా కాదు, ఆగడమే. రెండోది, దిగుడులో కరెంటు వెనక్కి పంపే బండి అయితే నిండు ఛార్జ్ తో ఎత్తు మీద నుంచి బయల్దేరి కిందికి దిగుతున్నప్పుడు ఆ కరెంటు ఎక్కడానికి చోటు లేక బీఎంఎస్ కట్ చెయ్యొచ్చు, అప్పుడు మోటారు ఇచ్చే అదుపు పోయి బండి వదిలేసినట్టు పరుగెడుతుంది, ఫుట్ బ్రేక్ మీద కాలు ఉంచుకోండి. ఛార్జర్ తప్పకుండా లిథియందే ఉండాలి. గడ్డకట్టే చలిలో, సున్నా డిగ్రీల కంటే తక్కువలో ఛార్జ్ పెట్టకూడదు. డాష్ మీదున్న పాత మీటరు లెడ్ లెక్కతో చేసింది, లిథియం పెట్టాక చివరిదాకా ఫుల్ అనే చూపిస్తుంది, దాన్ని నమ్మి దూరం పోయారంటే తోసుకుంటూ రావాలి.

ప్రశ్న: ఛార్జర్ పెట్టిన గంటకే గ్రీన్ లైట్ వచ్చేస్తోంది. ముందు ఏడెనిమిది గంటలు పట్టేది. మంచిదే కదా?

జవాబు: కాదండి. గ్లాసు చిన్నదైపోతే తొందరగానే నిండుతుంది. ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడితే వోల్టేజీ త్వరగా పైకి లేచి ఛార్జర్ మోసపోతుంది. మూతలు తీసి చూడండి, ప్లేట్లు బయటికి కనపడుతుంటే మునిగేంత మాత్రమే డిస్టిల్డ్ వాటర్ పోసి, ఛార్జ్ అయ్యాక మిగతాది పొయ్యండి, ముందే నిండా పోస్తే ఛార్జింగ్ లో పొంగి బయటికొస్తుంది. యాసిడ్ మాత్రం ఎప్పుడూ పొయ్యొద్దు. మీ ఛార్జర్ లో ఈక్వలైజ్ మోడ్ (సెల్లులన్నీ సమానం అయ్యేలా కావాలని కొంచెం ఎక్కువ ఛార్జ్ ఎక్కించేది) ఉంటే ఒకసారి పెట్టి చల్లారాక హైడ్రోమీటర్ తో చూసి, ఎన్ని సెల్లుల్లో ఎంత వచ్చిందో ఆ నంబర్లన్నీ రాసి పంపండి, అప్పుడు చెప్తా.